తిన్నానని చెప్పిన ఆదివారం

ఆ ఆదివారం నేను చేసిన తప్పు చాలా చిన్నదిగా మొదలైంది. సూది వేయబోతున్న నర్సు "ఏమైనా తిన్నారా?" అని అడిగింది. తిన్నానన్నాను. తినలేదు. ముందు రోజు మధ్యాహ్నం స్టేషన్లో నిలబడి తిన్న సమోసాల తర్వాత నా కడుపులోకి టీ తప్ప ఇంకేమీ పోలేదు.

తొంభైల చివరి రోజులవి. రాయపూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. నేను రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాని. కోస్తా నుంచి వచ్చి రైల్వేలోనో ఆస్పత్రుల్లోనో కుదురుకున్న తెలుగు కుటుంబాలకి ఫాఫాడీ దగ్గర ఒక గుడి ఉండేది. చర్చిని మేం గుడే అనేవాళ్ళం. గుడి మాది కాదు, హిందీ వాళ్ళది. వాళ్ళ ఆరాధన ముగిశాక మాకు ఇచ్చేవారు. అందుకని మా ఆరాధన ఎండ నడినెత్తికి వచ్చాక మొదలయ్యేది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. బల్ల తీసుకునేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని మా పెద్దవాళ్ళ పట్టుదల. ఊళ్ళో ఉన్నప్పుడు పొద్దున్నే అయిపోయే ఆరాధనకి పెట్టుకున్న నియమం అది. రాయపూర్ వచ్చాక గంటలు మారాయి గానీ నియమం మారలేదు.

సూదుల కార్యక్రమం పెట్టింది మా సంఘంలోని ఒక సీనియర్ నర్సు. అందరం సిస్టరు గారు అనేవాళ్ళం. హెపటైటిస్ బి అనే కామెర్ల జబ్బు రక్తం వల్ల అంటుకుంటుందనీ, మంగలి కత్తి వల్ల, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడటం వల్ల, తల్లి నుంచి బిడ్డకి వస్తుందనీ, కలిసి అన్నం తింటే రాదనీ ఆమె ముందు వారమే చెప్పింది. చిన్నపిల్లలకే కాదు, పెద్దవాళ్ళకీ వేయించుకోవాలంది. ముఖ్యంగా ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళకి. మూడు సూదులు. ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి. బల్ల ఆదివారమే దొరికింది కాబట్టి, ఆరాధన కాగానే ఇళ్ళకి వెళ్ళి భోంచేసి రమ్మని రెండుసార్లు గట్టిగా చెప్పింది.

అందరూ వెళ్ళారు. నేను వెళ్ళలేదు. వెళ్తే తాళం తీయాలి, పొయ్యి వెలిగించాలి. నా భార్య పోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. మాకు పిల్లల్లేరు. ఆవిడ ఉన్నప్పుడు గుడిలో మాట్లాడేదంతా ఆవిడే. నేను ఆవిడ భర్తని, అంతే. ఆవిడ పోయాక జనం నాకు వందనాలు చెప్పి, ఇంకేం చెప్పాలో తెలియక తప్పుకునేవారు. నాక్కూడా ఏం చెప్పాలో తెలిసేది కాదు. వండుకోవడం మానుకోలేదు గానీ, ఒక పూట మానేస్తే అడిగేవాళ్ళు లేరు కనుక మానేసిన పూటలు పెరుగుతూ వచ్చాయి. ఆ రోజు ఖాళీ గుడిలో చివరి బెంచీ మీద కూర్చుని, ఫ్యాను తిరగడం చూస్తూ వాళ్ళందరూ భోంచేసి వచ్చేదాకా గడిపాను.

వరసలో నేను ముందు నిలబడ్డాను. నా వెనక ఒక అమ్మాయి. నర్సింగు ట్రైనింగులో అప్పుడే చేరింది. తండ్రి లేడు. తల్లి ఇంట్లో జాకెట్లు కుట్టి పెంచింది. వాళ్ళు మా క్వార్టర్ల వెనక వీధిలోనే ఉండేవారు. సిస్టరు గారు నిజానికి ఈ కార్యక్రమం తలపెట్టింది ఈ అమ్మాయినీ, సంఘంలో ఆయాలుగా చేసే నలుగురైదుగురినీ దృష్టిలో పెట్టుకునే. తర్వాత తెలిసింది నాకు.

"ఏమైనా తిన్నారా, బ్రదర్ గారూ?"

"తిన్నానండి."

ఎందుకన్నాను? ఉపవాసం అని చెప్పినా ఎవరూ తప్పు పట్టరు. కానీ బల్ల తీసుకుని అప్పటికి చాలాసేపైంది. మరి ఇంతసేపూ ఏం చేశారు అని అడుగుతుంది. ఇంటికెందుకు వెళ్ళలేదని అడుగుతుంది. అమ్మాయి వింటోంది. ఆయాలు వింటున్నారు. నా ఇంట్లో పొయ్యి వెలగలేదన్న మాట వాళ్ళందరి ముందూ పడటం నాకు ఇష్టం లేకపోయింది.

సూది చీమ కుట్టినట్టుంది. వేయించుకున్నవాళ్ళు పక్క బెంచీ మీద కాసేపు కూర్చోవాలని సిస్టరు గారి నియమం. నేను కూర్చోలేదు. మంచినీళ్ళ కుళాయి వైపు నాలుగు అడుగులు వేశాను. కళ్ళ ముందు గోడ ఊగింది. తర్వాత నాకు గుర్తున్నది నేల చల్లదనం, "కాళ్ళు పైకెత్తి పట్టుకోండి" అంటున్న సిస్టరు గారి గొంతు.

ఆమె నాడి చూసింది, ఊపిరి చూసింది, చేతుల మీదా మెడ మీదా దద్దుర్లు ఉన్నాయేమో చూసింది. లేవు. పంచదార నీళ్ళు తాగించింది. జనం చుట్టూ మూగారు. వంగి, మెల్లగా అడిగింది.

"నిజం చెప్పండి. తిన్నారా?"

ఇంకోసారి అవకాశం ఇచ్చింది. నేను మళ్ళీ తిన్నానన్నాను.

ఆమె లేచి మందు సీసాలున్న ఐసు డబ్బా మూత పెట్టేసింది. కడుపు నిండా తిన్న మనిషి సూది వేయగానే పడిపోతే, డాక్టరుతో మాట్లాడకుండా ఇంకొకరికి వేయనంది. జాగ్రత్త గల మనిషి చేసే పనే అది. నా వెనక అమ్మాయి అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడుచుకుని ఉంది. మళ్ళీ దించుకుంది.

మర్నాడు సిస్టరు గారు పనిచేసే ఆస్పత్రిలో డాక్టరు నన్ను చూసి, మందు వల్ల కాదు, సూది భయానికో నీరసానికో కళ్ళు తిరిగి ఉంటాయన్నాడు. నేను తలూపాను. అప్పుడైనా చెప్పలేదు.

తర్వాతి ఆదివారం సిస్టరు గారికి డ్యూటీ పడి గుడికి రాలేదు. ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. ఎవరికైనా దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలని ఉంటే లేచి చెప్పే సమయం. ఇరవయ్యేళ్ళలో నేనెప్పుడూ లేవలేదు. ఆ రోజు పాస్టరు అయ్యగారు నా వైపే చూసి, "మన బ్రదర్ గారిని దేవుడు పోయినవారం ఎలా లేపాడో విందామా?" అన్నారు. అందరూ వెనక్కి తిరిగారు. రెండేళ్ళలో అంతమంది నా మొహం కేసి చూడటం అదే మొదటిసారి.

లేచాను. పడిపోయినంతవరకూ నిజమే చెప్పాను. అక్కడితో ఆగితే బావుండేది. కానీ ముందు బెంచీలోని వాళ్ళు ఊపిరి బిగబట్టి వింటున్నారు. పార్సిల్ ఆఫీసులో ఒక హమాలీ "ఏ సుజీ హ ఖూన్ లే బనథే, బాబూ" అన్నాడు మొన్న. ఆ సూది రక్తంతో చేస్తారట అని. అతను ఎవరి దగ్గరో విన్న మాట. నేను దాన్ని గుడిలో నిలబడి, నాకు తెలిసిన సంగతిలా చెప్పాను. మనుషుల రక్తం నుంచి తీసిన మందు నా ఒంట్లోకి పోగానే చెయ్యి మంచులా అయిందన్నాను. ప్రభువు పేరు పిలిస్తే లేచానన్నాను. "స్తోత్రం" అన్నారందరూ.

ఆరాధన అయ్యాక నా చుట్టూ జనం. ఒకాయన మధ్యాహ్నం వాళ్ళింటికి భోజనానికి రమ్మన్నాడు. కోడికూర, దుబ్‌రాజ్ బియ్యపు అన్నం. ఇల్లంతా ఆ బియ్యపు వాసన. ఆ ఇంటి ఆడవాళ్ళు అడిగితే మళ్ళీ చెప్పాను. ఆ పై వారం దేవేంద్ర నగర్‌లో ఇంకొకరింట్లో. అక్కడ చెయ్యి నీలంగా మారిందని కూడా చెప్పాను. వాళ్ళింటి అల్లుడు హేళనగా, "అంకుల్ గారి చెయ్యి వారవారం రంగు మారుతోంది, హోలీ దాకా ఆగితే బావుండేది" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సిగ్గుపడాల్సిన చోట నవ్వడం అంత తేలికని అప్పుడే తెలిసింది. ఆ రోజుల్లో ఆదివారాలు నేను ఒంటరిగా తినలేదు. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, ఆ నెలంతా నేను సంతోషంగా ఉన్నాను.

మళ్ళీ బల్ల ఆదివారం వచ్చింది. సిస్టరు గారు ఐసు డబ్బాతో కూర్చుంది. ఇద్దరు వచ్చారు. ఆయాలు రాలేదు. జాకెట్లు కుట్టే ఆవిడ కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. నా రెండో సూది అప్పుడే పడాలి. నేను గుడి వెనక గుమ్మం గుండా బయటికి వెళ్ళిపోయాను. సిస్టరు గారికి నా సాక్ష్యం సంగతి అప్పటికి చేరింది. కొన్ని నెలల పాటు వందనాలకి వందనాలు చెప్పి ఊరుకుంది.

వానాకాలంలో ఒక పొద్దున ఆమె యూనిఫాంలోనే పార్సిల్ ఆఫీసుకి వచ్చింది. తడిసిన మూటల మధ్య నిలబడి చెప్పింది. జాకెట్లు కుట్టే ఆవిడ కూతురు వార్డులో ఒక రోగికి వాడిన సూది పారేస్తూ వేలికి గుచ్చుకుంది. ఆ రోగికి ఉన్నది ఈ జబ్బే. అమ్మాయికి ఒక్క సూదీ పడలేదు. ఇప్పుడు రెండు చెయ్యాలి. టీకా వెంటనే మొదలుపెట్టాలి. దాంతోపాటు, అప్పటికప్పుడు కాపాడే ఇంకో ఇంజెక్షన్ ఒకటుంది. అది రాయపూర్‌లో దొరకలేదు, డాక్టరు ఫోన్ చేస్తే నాగపూర్ నుంచి మధ్యాహ్నం బండిలో గార్డు చేతికిచ్చి పంపుతున్నారు. ఎంత తొందరగా పడితే అంత మంచిది.

"గార్డు దగ్గర మీరు తీసుకోండి. పార్సిళ్ళలో కలవకూడదు, ఐసు కరిగిపోకూడదు" అంది. "దానికంటే ముందు ఒక చోటికి రావాలి. తల్లి ఒప్పుకోవడం లేదు. నా మాట వినడం లేదు. మీ మాట పట్టుకుని కూర్చుంది" అంది.

ఆఫీసులో చెప్పి ఆమె వెంట నడిచాను.

ఒకటే గది. గోడ వారగా కుట్టు మిషను, దాని కింద గుడ్డముక్కలు. అమ్మాయి మంచం మీద కూర్చుని, బొటనవేలితో చూపుడువేలు నొక్కుకుంటూ ఉంది. తల్లి మిషను దగ్గర్నుంచి లేవలేదు.

"మీరే కదన్నయ్యా, దేవుని ముందు నిలబడి చెప్పింది? ఇప్పుడు మీరే వచ్చి వేయించమంటే నేను ఏ మాట పట్టుకోవాలి?"

నేను నేల మీద కూర్చున్నాను. ఆ గదిలో ఇంకో కుర్చీ లేదు.

"ఆ రోజు నేను తినలేదమ్మా. ముందు రోజు నుంచీ తినలేదు. తిన్నానని సిస్టరు గారికి అబద్ధం చెప్పాను. నీరసానికి పడిపోయాను. మందు నన్నేమీ చెయ్యలేదు. చెయ్యి నీలం కాలేదు. రక్తం సంగతి ఎవరో అంటే విని చెప్పాను."

ఆవిడ చేతిలోని గుడ్డ మిషను మీద పెట్టింది.

"బల్లయ్యాక కూడా ఎందుకు తినలేదు?"

"వండుకోలేదు."

"మా ఇల్లు నాలుగు అడుగుల్లో ఉంది. ఆ రోజు మా ఇంట్లో అన్నం ఉంది. నోరు తెరిచి అడిగితే పెట్టనా? అది అడగలేక నా పిల్లని అడ్డం పెట్టారా?"



ఆవిడ సిస్టరు గారి వైపు తిరిగి, రక్తం సంగతి నిజమా అబద్ధమా చెప్పమంది. సిస్టరు గారు దాచకుండా చెప్పింది. మొదట్లో ఈ టీకాని రక్తం నుంచే తీసేవారనీ, దాన్ని కూడా బాగా శుద్ధి చేసేవారు కాబట్టి దానివల్ల జబ్బు రాలేదనీ, నాగపూర్ నుంచి వచ్చే ఇంజెక్షన్‌ని ఇప్పటికీ అలాగే రక్తం నుంచి తీసి శుద్ధి చేస్తారనీ, ఇప్పుడు వేసే టీకా మాత్రం రక్తంతో చేసింది కాదనీ.

"రొట్టె పొంగడానికి ఈస్ట్ వాడతామే, అందులో పెంచి చేస్తారమ్మా. క్రిమి పైపొర ముక్క ఒక్కటే ఉంటుంది, క్రిమి ఉండదు. జబ్బు తెప్పించడానికి అందులో ఏమీ లేదు. చెయ్యి నొప్పి పుడుతుంది, ఒకటి రెండు రోజులు. ఒక్కోసారి కాస్త జ్వరం వస్తుంది. ఎక్కడో, ఎవరికో, చాలా అరుదుగా ఒళ్ళు దద్దుర్లెక్కి ఊపిరి ఆడకపోవచ్చు. అందుకే వేశాక కూర్చోమంటాను, అందుకే దానికి విరుగుడు మందు పక్కన పెట్టుకుంటాను. ఏమీ జరగదని నేను నీకు ప్రమాణం చెయ్యను. కానీ పిల్ల వేలికి గుచ్చుకున్న దాని ముందు ఇదెంత?"

అమ్మాయి మంచం దిగింది. "మమ్మీ, బస్, ఇంక చాలు. టైమ్ పోతోంది." నా వైపు తిరిగి, "అంకుల్, పక్కా చెప్తున్నారా? ఈసారి నిజమేనా?" అంది.

"నిజమేనమ్మా."

తల్లి చెప్పులు వేసుకుంది.

మధ్యాహ్నం బండి ఆలస్యంగా వచ్చింది. వాన. ప్లాట్‌ఫారం చివర గార్డు డబ్బా ఆగే చోట గొడుగు లేకుండా నిలబడ్డాను. గార్డు అందించిన థర్మాసుని రెండు చేతులతో అందుకున్నాను. సైకిలు మీద పెట్టుకోవడానికి ధైర్యం చాలక రిక్షా ఎక్కి ఒళ్ళో పెట్టుకున్నాను. లోపల ఐసు ముక్కలు కదులుతున్న చప్పుడు వింటూ ఆస్పత్రి దాకా వెళ్ళాను. సిస్టరు గారు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వరండాలో తల్లి బెంచీకి ఒక చివర కూర్చుంది. నేను రెండో చివర కూర్చున్నాను. పొద్దుగూకేవరకూ మా మధ్య ఎవరూ కూర్చోలేదు.

అమ్మాయి గట్టెక్కినట్టేనని అప్పుడే అనలేమని డాక్టరు చెప్పాడు. మిగతా సూదులు పడాలి, నెలలు గడవాలి, రక్తపరీక్షలు జరగాలి. ఆ నెలల్లో ఆ అమ్మాయి సైకిలు మీద వెళ్తుంటే ఆమె కళ్ళ తెల్లగుడ్డు పచ్చబడిందేమోనని నేను దూరం నుంచే చూసుకునేవాణ్ణి.

ఆ తర్వాత వచ్చిన బల్ల ఆదివారం సాక్ష్యాల సమయంలో ఎవరూ అడక్కుండానే లేచాను. ఎక్కడ నిలబడి చెప్పానో అక్కడే నిలబడి, తినలేదన్న సంగతి, అబద్ధం చెప్పిన సంగతి, నా మాట విని ఎవరెవరు సూది మానుకున్నారో వాళ్ళందరి ముందూ చెప్పాను. అమ్మాయి పేరు మాత్రం ఎత్తలేదు. ఎవరూ స్తోత్రం అనలేదు. అయ్యగారు పాటల పుస్తకంలో పేజీలు తిప్పారు. ఆ రోజు నన్ను ఎవరూ భోజనానికి పిలవలేదు, ఆ తర్వాత కూడా పిలవలేదు. దేవేంద్ర నగర్ అల్లుడు ఒక్కడే నా పక్కగా వెళ్తూ, "అంకుల్, ఇంతకీ మా ఇంట్లో కోడికూర నిజంగానే తిన్నారా?" అన్నాడు. తిన్నానని చెప్పాను.

సిస్టరు గారు మళ్ళీ కార్యక్రమం పెట్టింది. ఈసారి బల్ల ఆదివారం కాకుండా వేరే ఆదివారం. నా మొదటి సూది వృథా అయిపోయిందా, మళ్ళీ మొదటి నుంచీ వేయించుకోవాలా అని అడిగాను. అక్కర్లేదనీ, ఆగిన చోటి నుంచే మిగతావి వేస్తే చాలనీ చెప్పింది. ఆయాల ఇళ్ళకి నేనే వెళ్ళాను. ఒక ఇంట్లో మొహం మీదే తలుపు వేశారు. ఇంకో ఇంట్లో, "ఈసారి ఏ రంగు చెప్తారు?" అని అడిగారు. చెప్పాల్సింది చెప్పి వచ్చాను. ఒక ఇంటికి మూడుసార్లు తిరిగితే గానీ ఒప్పుకోలేదు. చివరికి అందరూ వచ్చారు, తలుపు వేసినావిడ తప్ప.

ఆ ఉదయం నేను పెందరాళే లేచి పొయ్యి వెలిగించాను. బియ్యం కడిగి ఎసట్లో పోశాను. నా భార్య పప్పు వండే గిన్నె చాలాకాలం తర్వాత కిందికి దించి తోమాను. పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఎదురుగా ఎవరూ లేని పీట వైపు చూస్తూ మొత్తం తిన్నాను. అరటిపళ్ళు ఒక సంచిలో వేసుకుని గుడికి వెళ్ళి, వరస మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వచ్చిన ప్రతివాళ్ళనీ తిన్నారా అని అడగడం నా పని. తినలేదన్న వాళ్ళకి పండు ఇచ్చాను. తిన్నామన్న వాళ్ళ మొహం ఒక్క క్షణం చూసి, అనుమానం వచ్చిన చోట ఊరికే పండు చేతిలో పెట్టాను.

అందరిదీ అయ్యాక నేను వెళ్ళి కూర్చున్నాను. సిస్టరు గారు దూది తడుపుతూ అడిగింది.

"తిన్నారా?"

"తిన్నానండి. పప్పన్నం."

ఆమె సూది వేసింది. నేను లేచి నేరుగా బెంచీ దగ్గరికి వెళ్ళి, ఆమె లేవమనేదాకా కూర్చున్నాను.

చలికాలం చివర్లో అమ్మాయి ఆఖరి రక్తపరీక్ష వచ్చింది. జబ్బు లేదు, కాపాడే శక్తి ఒంట్లో తయారైందన్నారు. ఆ సంగతి నాకు తల్లి చెప్పలేదు, అమ్మాయి చెప్పలేదు. సిస్టరు గారు గుడి గుమ్మంలో చెప్పింది. ఆ మధ్యాహ్నం వాళ్ళ వీధిలోంచి నడుస్తుంటే కుట్టుమిషను చప్పుడు వినిపించింది. తలుపు తీసే ఉంది. ఆవిడ తలెత్తి చూసింది, మిషను ఆపలేదు. నేను వందనాలు చెప్పి, ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించుకున్నాను.

ఆ తర్వాత రాయపూర్‌లో ఉన్నన్నాళ్ళూ సూదుల కార్యక్రమం జరిగిన ప్రతిసారీ వరస మొదట్లో ఆ కుర్చీ నాదే. అడగడమే నా పని.